సంప్ లీకేజీ బాగుచేత: తొలిసారి చేసేవారి కోసం ప్రాజెక్టు డైరీ

బండి నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. ఇంజిన్ బ్లాకు అల్యూమినియం, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఇనుప రేకును అచ్చు ఒత్తి చేసినది. రెండింటి మధ్య ప్యాకింగ్ ఉండదు, ఆయిల్‌ను తట్టుకునే సిలికాన్ సీలెంట్ ఒక్కటే ఆధారం. సంప్ విప్పడం నాకిదే తొలిసారి. ఇలాంటి అమరిక ఉన్న ఏ ఇంజిన్‌కైనా ఈ వరుస పనికొస్తుంది. టార్క్ (బోల్టు బిగువు) అంకెలు, ఆయిల్ కొలతలు మాత్రం మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉన్నవే వాడండి.

మొదట వేసిన సీలు నిలవలేదు. ఎందుకు నిలవలేదో తేలిన భాగమే ఇందులో అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి అక్కడ ఎక్కువ రాశాను.

దశ 1: లీకేజీ ఎక్కడిదో తేల్చుకోవడం

కింద పడిన చుక్కను చూసి సంప్ కారుతోందని తీర్మానించడం తొందరపాటు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కూడా పాకుతుంది. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, ముందు వెనక క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్టు చివరల్లో ఆయిల్‌ను ఆపే రింగులు), వీటిలో ఏది కారినా చివరికి తడిసేది సంపే.

1. ఇంజిన్ చల్లారాక డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవం) సంప్‌ను, దాని పై భాగాన్ని కడిగి పూర్తిగా ఆరనిచ్చాను.
2. సంప్ అంచు వెంట, బ్లాకు పక్కల టాల్కమ్ పౌడర్ చల్లాను.
3. బండిని కాసేపు నడిపి, టార్చి పట్టుకుని కింద చూశాను.

తెల్లటి పౌడర్ మీద నల్లటి తడి చార ఒకటి స్పష్టంగా కనిపించింది. సంప్ వెనక కుడి మూలలో అంచు దగ్గరే మొదలై కిందికి దిగింది. దానికి పైన పౌడర్ పొడిగా ఉంది. ట్యాపెట్ కవర్ దగ్గర కొంచెం చెమ్మ ఉన్నా కిందికి జారలేదు. ప్రెషర్ స్విచ్ పొడిగా ఉంది. గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజిన్‌కు కలిసే చోటి తొడుగు) అడుగున ఉండే రంధ్రం కూడా పొడిగానే ఉంది. వెనక క్రాంక్ సీల్ కారితే ఆయిల్ మొదట కనిపించేది అక్కడే, అంటే ఆ సీల్ బాగున్నట్టే.

సంప్ జోలికి పోయేముందు క్రాంక్‌కేసు (క్రాంక్ తిరిగే ఇంజిన్ అడుగు గది) గాలి బయటికి పోయే దారి, అంటే పీసీవీ వాల్వు, చూసుకోవాలి. అది పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎంత బాగా సీల్ చేసినా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. వాల్వును తీసి ఊపితే లోపల టకటకమంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే మూత లోపలికి కొద్దిగా లాగింది. ఇక్కడ ఇబ్బంది లేదు.

లీకేజీని తూకం వేయడానికి మొదట అట్టముక్క వాడదామనుకున్నా గాలిలో తేమకు అట్ట బరువే మారుతోంది. అందుకని రేకు ట్రే పెట్టి, ఒక గ్రాము దాకా చూపే డిజిటల్ కాటాలో తూచాను.

*లెక్క: రాత్రంతా నిలిపితే సగటున 14 గ్రా. ఆయిల్ (సుమారు 16 మి.లీ.).*

దశ 2: బండిని ఎత్తడం, ఆయిల్ దించడం

చదునైన గట్టి నేల, వెనక చక్రాలకు అడ్డు దిమ్మెలు, హ్యాండ్‌బ్రేక్. జాకీతో ఎత్తి, మాన్యువల్‌లో చూపిన చోట్ల రెండు జాకీ స్టాండ్ల మీద దించాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎవరూ దూరకండి. స్టాండ్ల మీద ఉన్న బండిని పక్కనుంచి గట్టిగా తోసి చూసి, కదలదని రూఢి చేసుకున్నాకే కిందికి వెళ్లాను.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించితే త్వరగా, మడ్డితో సహా వస్తుంది. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. వాడిన ఇంజిన్ ఆయిల్ తరచుగా చర్మానికి తగలడం మంచిది కాదు. డ్రెయిన్ ప్లగ్ వాషర్ నలిగిపోయి ఉంది. దాన్ని తిరిగి వాడను, కొత్తది సిద్ధంగా పెట్టుకున్నాను.

సంప్‌కు అడ్డంగా సైలెన్సర్ ముందు పైపు, కింది ప్లాస్టిక్ కవరు ఉన్నాయి. రెండూ తీశాను. పైపు నట్లకు ముందు రోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచడం వల్ల తేలిగ్గా వచ్చాయి.

*లెక్క: దించిన ఆయిల్ 2.7 లీ.*

దశ 3: సంప్ ఊడదీయడం

సంప్‌ను పట్టి ఉంచేవి 15 బోల్టులు, 2 నట్లు. అన్నీ ఎం6 సైజువే, తలకు 10 మి.మీ. సాకెట్ సరిపోతుంది. గేర్‌బాక్స్ వైపు రెండు బోల్టులు మిగతావాటికన్నా పొడుగు. అట్టముక్క మీద సంప్ ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోటే గుచ్చుతూ పోయాను. పొట్టి బోల్టు పొడుగు దాని చోటికి వెళ్తే నాలుగు మరలే పట్టి అల్యూమినియం మరలు చెడిపోతాయి. పొడుగు బోల్టు పొట్టి దాని చోటికి వెళ్తే రంధ్రం అడుగున ఆనిపోతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది గానీ సంప్‌ను మాత్రం నొక్కదు.

బోల్టులన్నీ వచ్చాక కూడా సంప్ ఇసుమంతైనా కదల్లేదు. పాత సిలికాన్ పట్టు అంత గట్టిది. ఇక్కడ స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించాలనిపిస్తుంది, కానీ దాంతో అల్యూమినియం అంచు మీద పడే గాటు ఆ తరవాత శాశ్వతంగా ఆయిల్‌కు దారి అవుతుంది.

పనిచేసిన పద్ధతి ఇది:

1. గోడలకు పుట్టీ గీరే పలుచటి స్టీలు బద్ద తీసుకున్నాను. మందం 0.5 మి.మీ.
2. పొడవాటి తిన్నని వైపు మధ్యలో, సంప్ రేకుకూ బ్లాకుకూ నడుమ ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టాను. సిలికాన్‌లోకి బద్ద 10 మి.మీ. దిగింది.
3. బద్దను అక్కడే ఉంచి దాని అంచును పక్కకు తట్టుతూ నడిపించాను. సిలికాన్ తెగుతూ వచ్చింది.
4. మూలల దగ్గర, వెనక క్రాంక్ సీల్ హౌసింగ్ కలిసే చోట బద్ద వాడలేదు. సంప్ పక్కన చెక్క దిమ్మె ఆనించి సుత్తితో కొడితే మిగిలిన పట్టు వదిలింది.

ఊడే ముందు రెండు బోల్టులు నాలుగేసి మరలు ఎక్కించి ఉంచండి. సంప్ ఒక్కసారిగా వదిలినా ముఖం మీద పడదు, అడుగున మిగిలిన ఆయిల్ కూడా ఒలకదు.

లోపల చూస్తే ఆయిల్ పంపు జల్లెడ మీద బూడిద రంగు సిలికాన్ పోగులు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి గోరంత పొడవు. జల్లెడలో పావు వంతు మూసుకుపోయింది. ఇంతకు ముందెప్పుడో సీలెంట్ అతిగా పూయగా, లోపలికి పిండుకొచ్చిన భాగం తెగి వచ్చి ఇక్కడ చేరింది. సీలెంట్ ఎక్కువైతే నష్టమేమిటని అడిగేవారికి చూపించాల్సింది ఈ జల్లెడే. అది పూర్తిగా మూసుకుంటే బేరింగులకు ఆయిల్ అందదు. పోగులన్నిటినీ పట్టకారుతో ఏరి, జల్లెడను కడిగి, దాని పైపు మొదట్లో ఉండే రబ్బరు రింగు మార్చాను.

*లెక్క: ఊడినవి 15 బోల్టులు, 2 నట్లు. సంప్ అడుగున మిగిలినది 0.15 లీ.*

దశ 4: పాత సీలెంట్ గీరడం

ఓపిక పట్టాల్సిన పని ఇదే. బ్లాకు వైపు ప్లాస్టిక్ బద్ద, గ్యాస్కెట్ రిమూవర్ (పాత సీలెంట్‌ను మెత్తబరిచే మందు) తప్ప మరేమీ వాడలేదు. డ్రిల్లుకు తగిలించే గరుకు డిస్కుతో క్షణాల్లో అయిపోతుంది, నిజమే. కానీ ఆ డిస్కు నుంచి రాలే రాపిడి పొడి ఇంజిన్‌లోకి పోయి, ఆయిల్‌తో కలిసి బేరింగులను అరగదీస్తుంది. పైగా మెత్తటి అల్యూమినియాన్ని తెలియకుండానే పల్లంగా తినేస్తుంది.

బోల్టు రంధ్రాలు చాలావరకు అడుగు మూసుకున్నవే. వాటిలో ఆయిల్ గానీ సిలికాన్ ముక్కలు గానీ మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ ఆయిల్ ఎటూ పోలేక బ్లాకును పగలగొట్టేంత ఒత్తిడి తెస్తుంది, టార్క్ రెంచ్‌కూ తప్పుడు అంకె చూపిస్తుంది. గుడ్డ పీలికను సన్నగా చుట్టి ఒక్కో రంధ్రంలో తిప్పి, పొడిగా బయటికి వచ్చేదాకా మార్చాను.

దశ 5: సంప్ అంచు చదును చూడటం

రేకు సంప్‌ను ఎవరైనా అతిగా బిగిస్తే ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ రేకు బ్లాకు వైపు ఉబ్బుతుంది. అప్పుడు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుతుంది, నడుమ సందు మిగులుతుంది.

అంచు మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి స్టీలు ఆకుల కట్ట) దూర్చి చూశాను. వెనక కుడి మూలలో రెండు రంధ్రాల నడుమ 0.45 మి.మీ. ఆకు సులువుగా దూరింది. మిగతాచోట్ల 0.15 నుంచి 0.25.

వైస్‌లో ఇనుప దిమ్మె బిగించి, దాని మీద అంచు అడుగు భాగం ఆనేలా సంప్‌ను పట్టుకుని, ఉబ్బు మీద చదునైన సుత్తితో మెల్లగా కొట్టాను. నాలుగు దెబ్బలు, ఒక కొలత, మళ్లీ నాలుగు దెబ్బలు. గట్టిగా కొడితే ఉబ్బు అవతలి వైపు తేలుతుంది.

*లెక్క: అంచు మీద అతి పెద్ద సందు 0.45 నుంచి 0.08 మి.మీ.కి దిగింది.*

దశ 6: మొదటి సీలు

వాడినది వెనిగర్ వాసన లేని రకం ఆర్‌టీవీ సిలికాన్ (గది వేడిలోనే గట్టిపడేది), సెన్సర్లకు హాని చేయనిది, ఆయిల్‌ను తట్టుకునేది. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం విడుదల చేస్తుంది కాబట్టి ఇంజిన్‌కు వద్దనుకున్నాను.

అంచు చుట్టుకొలత 1300 మి.మీ. 3 మి.మీ. లావు గీత గీస్తే దాదాపు 9 మి.లీ. సీలెంట్ చాలు. ట్యూబు ముక్కును 3 మి.మీ. రంధ్రం వచ్చేలా కోశాను. గీత బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, ఎక్కడా తెగకుండా పోవాలి. బయటి వైపుగా గీస్తే ఆయిల్ బోల్టు మరల వెంట బయటికి వస్తుంది.

సంప్ తీశాక బ్లాకు నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. కింద ట్రే పెట్టి గంటసేపు వదిలాను. చుక్కలు బాగా తగ్గాయి. బ్రేక్ క్లీనర్ (జిడ్డు కడిగి త్వరగా ఆరిపోయే స్ప్రే) పైకి కొట్టి, అంచు తుడిచి, గీత గీసిన సంప్‌ను ఎత్తి బిగించాను.

బిగింపు వరుస:

1. అన్నీ వేళ్లతోనే ఆనేదాకా.
2. మధ్య నుంచి రెండు చివరలకు, ఇటొకటి అటొకటిగా 5 న్యూటన్ మీటర్లు.
3. అదే వరుసలో 11 న్యూటన్ మీటర్లు. ఈ ఇంజిన్‌కు మాన్యువల్ చెప్పిన అంకె ఇదే.

5 నుంచి 25 న్యూటన్ మీటర్ల శ్రేణి ఉన్న చిన్న టార్క్ రెంచ్ ఈ పనికి తప్పనిసరి. చక్రాల నట్లకు వాడే పెద్ద రెంచ్ ఇంత తక్కువ బిగువు దగ్గర నమ్మదగినది కాదు. ఎం6 మరలు అల్యూమినియంలో చెడితే థ్రెడ్ ఇన్సర్ట్ (చెడిన రంధ్రంలో వేసే కొత్త మరల గొట్టం) వేయాల్సి వస్తుంది.

24 గంటలు ఆరనిచ్చి, కొత్త ఫిల్టరు, కొత్త డ్రెయిన్ వాషర్ వేసి, 3.1 లీ. ఆయిల్ పోశాను. స్టార్ట్ చేయగానే ప్రెషర్ లైటు ఆరింది. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచినా చుక్క లేదు.

బండి నడిపొచ్చాక మాత్రం ట్రేలో ఆయిల్ కనిపించింది.

*లెక్క: మొదటి గంటలో బ్లాకు నుంచి రాలినది 46 గ్రా. మొదటి సీలు తరవాత లీకేజీ రాత్రికి 3 గ్రా.*

దశ 7: ఎక్కడ తప్పింది

14 నుంచి 3కు తగ్గింది కదా అని వదిలేయలేదు. సిలికాన్ వదిలిన చోట ఆయిల్ మెల్లగా పాకి సందును ఇంకా పెంచుతుంది. పైనుంచి మళ్లీ సిలికాన్ పులిమితే నిలవదు, జిడ్డు మీద అది పట్టదు.

పౌడర్ మళ్లీ చల్లితే ఈసారి కూడా వెనక కుడి మూలే. కొత్త ఆయిల్‌ను శుభ్రమైన డబ్బాలో పట్టి మూతపెట్టి, సంప్ మళ్లీ ఊడదీశాను. వెంటనే గీరేయకుండా టార్చి వెలుగులో రెండు అంచులనూ పక్కపక్కన చూశాను. ఎవరైనా సంప్ రెండోసారి తీయాల్సి వస్తే ఈ పరిశీలన తప్పక చేయండి, కారణం అక్కడే రాసి ఉంటుంది.

చాలాచోట్ల సిలికాన్ మధ్యలో చీలింది. సగం సంప్‌కు, సగం బ్లాకుకు అంటుకుని ఉంది, చీలిన మొహం గరుకుగా ఉంది. అంటే లోహానికి గట్టిగా పట్టింది. వెనక కుడి మూలలో దాదాపు 40 మి.మీ. మేర మాత్రం సిలికాన్ మొత్తం సంప్ వైపే ఉండిపోయింది. బ్లాకు అంచు బోసిగా ఉంది. ఆ సిలికాన్ పై మొహం అద్దంలా నున్నగా మెరుస్తోంది, వేలితో తాకితే సన్నటి జిడ్డు. సీలెంట్ అక్కడ బ్లాకుకు అసలు అంటుకోనేలేదు. బిగించే సమయానికే అక్కడ ఆయిల్ పొర ఉంది.

ఆ పొర ఎక్కడిది? బ్రేక్ క్లీనర్ పైకి కొట్టినప్పుడు అది అంచుతో ఆగలేదు, లోపలి గోడల మీదికీ పోయింది. అక్కడ చిక్కగా పట్టి ఉన్న ఆయిల్‌ను పలుచన చేసి కిందికి దించింది. తుడిచిన కొద్దిసేపటికే అంచు మళ్లీ తడిసింది. ఇంజిన్ కొద్దిగా వెనక్కి వాలి ఉండటం వల్ల అదంతా చేరేది వెనక మూలకే.

రుజువు కోసం ఈసారి ట్రేను తూచాను. మొదటి గంటలో 38 గ్రా. రాలింది. రాత్రంతా వదిలేస్తే మరో 29 గ్రా. వచ్చింది. గంట తరవాత చుక్కలు ఆగినట్టే కనిపించినా ఆ 29 గ్రాములు గోడల మీద వేచి ఉన్నాయన్నమాట. మొదటిసారి సీల్ వేసింది వాటి కిందే.

దశ 8: రెండో సీలు, మార్చినవి

1. రాత్రంతా కారనిచ్చాను. పొద్దున ట్రే తీశాక కొత్త కాగితం పరిచి అరగంట చూస్తే ఒక్క మరక పడింది, అదీ అంచుకు దూరంగా, క్రాంక్ నుంచి.
2. బ్రేక్ క్లీనర్ పైకి అస్సలు కొట్టలేదు. గుడ్డను తడిపి, ఒకే దిక్కుకు తుడిచి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చాను. తెల్ల గుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడిచాను. వెనక కుడి మూలను సంప్ ఎత్తే క్షణానికి ముందు మరోసారి తుడిచాను.
3. ఈ ఇంజిన్‌కు రెండు స్టడ్లూ (ఆ 2 నట్లు ఎక్కే, తల లేని మరమేకులు) ముందు వైపే ఉన్నాయి. సంప్ ఎత్తేటప్పుడు వెనక భాగం ఊగి గీత చెదిరే వీలుంది. రెండు పొడవాటి ఎం6 బోల్టుల తలలు కోసి, వెనక రంధ్రాల్లో వేళ్లతో ఎక్కించాను. సంప్ వాటి వెంట తిన్నగా పైకి వెళ్లింది. నాలుగు బోల్టులు పట్టాక వాటిని తీసేసి అసలు బోల్టులు వేశాను.
4. బ్లాకూ వెనక సీల్ హౌసింగూ కలిసే చోట గోరుకు తగిలేంత మెట్టు ఉంది, ఫీలర్ గేజ్‌తో 0.10 మి.మీ. ఆ అతుకుల మీద శనగ గింజంత సీలెంట్ అదనంగా పెట్టాను. ముందు టైమింగ్ కవర్ అతుకుల మీదా అంతే.
5. సీలెంట్ లేకుండా ఒకసారి సంప్ ఎత్తి, అన్నీ వేళ్లతో పట్టించి సమయం చూసుకున్నాను: 4 నిమిషాలు. సీలెంట్ పూశాక బిగించడానికి ట్యూబు మీద ఇచ్చిన గడువు 10 నిమిషాలు.

3, 4 మార్పులు ముందుజాగ్రత్తకే. మొదటి సీలు పోవడానికి ఆ నున్నటి 40 మి.మీ. చెప్పిన కారణం ఆయిల్ పొర ఒక్కటే. మీకు సమయం తక్కువైనా రాత్రంతా కారనివ్వడం, క్లీనర్ పైకి కొట్టకుండా గుడ్డతో తుడవడం మాత్రం వదలకండి.

బిగింపు అదే వరుస, అవే అంకెలు. బయటికి పిండుకొచ్చిన సీలెంట్ చుట్టూ ఒకే మందంలో, 2 మి.మీ. అంచుగా తేలింది. దాన్ని తుడవలేదు. ఎక్కడైనా తగ్గిందో లేదో చూడటానికి అదే గుర్తు. ఆరిన తరవాత బోల్టులను మళ్లీ బిగించలేదు. గట్టిపడిన సిలికాన్‌ను మళ్లీ నొక్కితే పట్టు చెదరవచ్చు.

దశ 9: పరీక్ష

24 గంటల తరవాత పట్టి ఉంచిన ఆయిల్‌నే పోసి, ట్రేలో పోయినంత కొత్తది కలిపి, డిప్‌స్టిక్ పై గీతకు తెచ్చాను. ఐడిల్, చల్లారనివ్వడం, మళ్లీ చూడటం. ఆ తరవాత ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా దూరం నడిపి, పౌడర్ చల్లిన అంచును టార్చితో చుట్టూ చూశాను. పౌడర్ తెల్లగా, పొడిగా ఉంది.

*లెక్క, మొదటి నుంచి చివరిదాకా:*
- రాత్రి లీకేజీ: 14 గ్రా., 3 గ్రా., 0 గ్రా.
- అంచు సందు: 0.45 మి.మీ. నుంచి 0.08 మి.మీ.
- బ్లాకు కారడం: మొదటిసారి 46 గ్రా. (గంట), రెండోసారి 67 గ్రా. (రాత్రంతా)
- వాడిన సీలెంట్: రెండుసార్లకూ కలిపి ఒకే ట్యూబు, ఇంకా మిగిలింది
- చెడిన మరలు: ఏమీ లేవు

తీసిన కింది ప్లాస్టిక్ కవరును వెంటనే బిగించలేదు. అది ఉంటే చిన్న లీకేజీ దాని మీదే నిలిచి కంటపడదు. 500 కి.మీ. నడిచాక, అంచు ఇంకా పొడిగా ఉందని చూసుకున్న తరవాతే వేశాను. పాత ఆయిల్‌ను సేకరణ కేంద్రానికి ఇచ్చేశాను. ఇక మిగిలింది ట్యాపెట్ కవర్ దగ్గరి చెమ్మ. దాని కొత్త ప్యాకింగ్ తెచ్చి పెట్టుకున్నాను, అదే తరవాతి పని.